టమాట మొక్కల మధ్య ఎంత ఎడం వదలాలి? విత్తనం నుంచి చివరి కోత దాకా

హనుమకొండలో మా ఇంటి వెనక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మడి ఒకటుంది. 2023 జూలైలో టమాట కిలో 150 రూపాయలు దాటినప్పుడు అందరికీ వచ్చిన ఆలోచనే నాకూ వచ్చింది. నర్సరీ నుంచి 18 మొక్కలు తెచ్చి అడుగుకొకటి చొప్పున గుచ్చేశాను. అత్తమ్మ వచ్చి చూసి "గిదేంది బిడ్డా, నాటినవా, నారు పోసినవా?" అని నవ్వి పోయింది. నెల తిరిగేసరికి మడి అడవిలా అల్లుకుంది, నేను ఫొటోలు తీసి అందరికీ పంపాను కూడా. ఆ తర్వాత కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు మొదలై రెండు వారాల్లో పైదాకా పాకాయి, మధ్యలో ఉన్న మొక్కలకి చెయ్యి పెట్టే సందు లేదు, పండిన కాయ ఏదో లోపల కుళ్ళిపోయి వాసన వస్తే తప్ప తెలిసేది కాదు. మొత్తం 18 మొక్కల మీద నాలుగు కిలోలు కోశానో లేదో. మరుసటి ఏడాది అదే మడిలో 7 మొక్కలే పెట్టి జనవరి అంతా వారానికి రెండు కిలోలకు తగ్గకుండా కోశాను. తేడా అంతా ఎడంలోనే ఉందని అనను, కాలం కూడా కలిసొచ్చింది. కానీ ఎడం సరిగ్గా లేకపోతే మిగతావన్నీ ఎంత బాగా చేసినా దండగే. అందుకే ఆ సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు కాలం చూసుకోండి

ధర పెరిగినప్పుడు మొక్క నాటడం మనందరి అలవాటు. ధర పెరిగేదే టమాట సరిగ్గా కాయని రోజుల్లో. ఎండాకాలంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. మే నెల చివర్లో, రోహిణి కార్తె ఎండల్లో మొక్క బతికి ఉంటే అదే గొప్ప. అప్పుడు కాసిన ఒకటీ అరా కాయలు కూడా ఎర్రబడకుండా పసుపు నారింజ రంగులోనే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ వేడిలో ఎరుపు రంగు తయారు కాదు. వానాకాలంలో పూత నిలుస్తుంది కానీ ఆకులు ఆరవు, తెగుళ్లు వదలవు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఒకటే, ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో నారు పోయండి. దసరా అటూ ఇటూగా మొక్కలు మడిలోకి వస్తాయి, రాత్రి చలి మొదలయ్యే వేళకు పూత పడుతుంది, డిసెంబర్ నుంచి కోత. అప్పటికి బజార్లో కూడా చాలాసార్లు చవగ్గానే దొరుకుతుంటుంది, ఆ సంగతి ముందే మనసుకు చెప్పుకోండి.

రకం తెలియకుండా ఎడం లెక్క వేయలేం

టమాటలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి పొట్టి రకం, రెండున్నర మూడడుగులు పెరిగి, కొనకు పూత వచ్చి ఆగిపోతుంది, కాయలన్నీ దాదాపు నెలన్నరలో ఇచ్చేస్తుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పీకేఎం-1 ఇలాంటిదే. రెండోది తీగలా పెరుగుతూనే పోయే రకం. చెర్రీ టమాటల్లో చాలావరకు ఇవే, ఆరేడడుగులు పోతాయి, నెలల తరబడి కొద్దికొద్దిగా కాస్తాయి. ఈ రెండింటికీ మధ్యరకంగా పెరిగేవీ ఉన్నాయి. ప్యాకెట్ మీద రాసి లేకపోతే అమ్మే అతన్ని "పొట్టిదా, తీగదా" అని అడగండి. తెలియదంటే తీగ రకం అనుకునే ఎడం వదలండి. ఖాళీ మిగిలితే ఓ కట్ట కొత్తిమీర వస్తుంది, ఇరుకైతే మాత్రం మొక్క మధ్యలో జరగదు.

తెగుళ్ల భయం ఎక్కువున్న చోట బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ దొరికితే చూడండి. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు, మూడింటినీ తట్టుకునేలా చేసిన హైబ్రిడ్ అది. హైబ్రిడ్ కాబట్టి దాని గింజ దాచి మళ్లీ వేస్తే అదే గుణం రాదు. బండి మీద కొన్న టమాటను పిండి వేసే గింజల సంగతీ అంతే. మొలవడం మొలుస్తాయి, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. గింజ దాచుకోవాలంటే పుల్లటి నాటు టమాటే నమ్మకం.

నారు

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమానంగా కలిపి ట్రేలోనో, అడుగున బెజ్జం చేసిన పేపర్ కప్పుల్లోనో నింపి, పావు అంగుళం లోతున కప్పుకి రెండు గింజలు వేయండి. వారంలోపు మొలుస్తాయి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని లాగకుండా కత్తెరతో కత్తిరించండి, లాగితే రెండోదాని వేరు కూడా కదులుతుంది. మొలిచిన వారంలో మొదలు దగ్గర సన్నబడి పక్కకు వాలిపోతే అది నారుకుళ్ళు, చాలావరకు మనం పోసే అతి నీళ్ల వల్లే వస్తుంది. పైన తడారాకే మళ్లీ నీళ్లు పోయడం ఒక్కటే అది రాకుండా చూసుకునే దారి, తెగులు శిలీంధ్రాల్ని అణిచే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రం పొడి కాస్త ముందే మట్టిలో కలిపితే ఇంకా మంచిది.

ఇంకో సంగతి, నారు మీద సన్న కన్నుల నైలాన్ నెట్ కప్పండి. పాత దోమతెర పనికిరాదు, దాని కన్నుల్లోంచి తెల్లదోమ హాయిగా దూరుతుంది. అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ ఎక్కువగా ఈ వయసులోనే అంటుకుంటుంది, అంటుకున్నాక దానికి మందు లేదు.

25 నుంచి 30 రోజులకి నారు జానెడు ఎత్తుకి వస్తుంది, కాండం పెన్సిల్ కన్నా కాస్త సన్నగా ఉంటుంది. నర్సరీలో కొనేవాళ్లు పొడుగ్గా ఊగుతున్న మొక్కను, అప్పటికే పూత ఉన్న మొక్కను చూసి మురిసిపోకండి. పొట్టిగా, గట్టిగా, ముదురాకుపచ్చగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆకు తిప్పి కింద దోమ ఉందేమో కూడా చూడండి.

ఇక ఎడం

మనకు టేపు అక్కర్లేదు, చెయ్యి చాలు. బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన దాకా చాపితే జాన, సుమారు 9 అంగుళాలు. మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా మూర, 18 అంగుళాలు. ఎవరి చెయ్యి ఎంతో ఒకసారి స్కేలు పెట్టి చూసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. నా మూర పదిహేడే.

పొట్టి రకానికి మొక్కకీ మొక్కకీ మధ్య మూర, సాలుకీ సాలుకీ మధ్య రెండడుగులు. తీగ రకాన్ని ఒకటి రెండు కొమ్మలకే పరిమితం చేసి కర్రకు కట్టేటట్టయితే మొక్కల మధ్య మూరన్నర దాకా, సాళ్ల మధ్య రెండు మూరలు. కట్టకుండా, కత్తిరించకుండా వదిలేసేవాళ్లు అసలు తీగ రకం జోలికి పోకపోవడమే మంచిది, మూడడుగులు వదిలినా చాలదు.

ఇంత ఎడం ఎందుకంటే చాలామంది వేళ్ల గురించి చెబుతారు, తిండి కోసం కొట్టుకుంటాయని. అది నిజమే. కానీ ఎరువు వేసి, నీళ్లు పోసి ఆ లోటు కొంత పూడ్చవచ్చు. పూడ్చలేనిది గాలి. కార్తీక మాసం నుంచి పొద్దున్నే మంచు పడి ఆకులన్నీ తడిసి ఉంటాయి. విడివిడిగా ఉన్న మొక్క ఎండ తగిలిన కాసేపటికే ఆరిపోతుంది, గుంపుగా ఉన్నది పదకొండింటికి కూడా లోపల తడిగానే ఉంటుంది. ఆకుమచ్చ తెగులు శిలీంధ్రానికి కావలసింది ఆ తడే. నా మొదటి ఏడాది మడిలో జరిగింది ఇదే. మచ్చలు నడిమి మొక్కల్లో మొదలయ్యాయి, అంచున గాలి తగిలే నాలుగు మొక్కలు అన్నిటికన్నా ఆలస్యంగా పాడయ్యాయి, నాకు దక్కిన కాయల్లో సగం వాటివే. మూడోది నీడ. కింది ఆకులకి ఎండ అందకపోతే మొక్క వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతుంది, పూత తగ్గుతుంది. నాలుగోది మన చెయ్యి. చెయ్యి దూరని చోట పురుగు ఏరలేం, పిలక తీయలేం, కాయ కోయలేం. రైతులు సాళ్ల మధ్య అంత బాట వదిలేది మనిషి తిరగాలనే, మనం పెరట్లో ఆ సంగతి మరిచిపోతాం.

నా మడి లెక్క చెబుతాను, మీ కొలతకి మార్చుకోండి. పొడవు 8 అడుగులు, వెడల్పు 4. రెండు అంచుల నుంచి లోపలికి జానెడు వదిలి రెండు గీతలు గీస్తే వాటి మధ్య రెండున్నర అడుగులు మిగులుతుంది. మొదటి గీత మీద 1, 3, 5, 7 అడుగుల దగ్గర నాలుగు మొక్కలు. రెండో గీత మీద వాటికి ఎదురుగా కాకుండా ఖాళీలకి ఎదురుగా, 2, 4, 6 అడుగుల దగ్గర మూడు. మొత్తం ఏడు. ఇలా ఎదురూబొదురూ కాకుండా పెడితే ఒక్కో మొక్కకి చుట్టూ గాలి ఆడుతుంది. సాళ్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దున ఒకవైపు, సాయంత్రం ఒకవైపు ఎండ పడుతుంది. స్థలం కుదరకపోతే దిక్కుల గురించి టెన్షన్ పడొద్దు, రోజుకి ఆరు గంటల ఎండ ఉంటే చాలు.

నాటిన రోజు ఈ ఎడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జానెడు మొక్కలు ఏడు, చుట్టూ బోసి మట్టి, ఇంకో నాలుగు ఇరికించేయాలనిపిస్తుంది. ఆ ఖాళీలో మెంతి చల్లండి. టమాట గుబురు కట్టేలోపు, నెల రోజుల్లో, మెంతి కూరలోకి వచ్చేస్తుంది.

నాటడం

నాటే ముందు మడిని జానెడు ఎత్తు చేసి, నీళ్లు నిలవకుండా చూడండి. నల్లరేగడి అయితే ఇది తప్పనిసరి. మాది ఎర్ర చల్క, నీళ్లు త్వరగా దిగిపోతాయి, అందుకని పశువుల ఎరువు ఎక్కువ వేస్తాను. గుంతకి బాగా మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు, వేపపిండి గుప్పెడు. పచ్చి పేడ వద్దు, వేడికి వేళ్లు మాడతాయి.

కర్రను ఇప్పుడే పాతండి. పొట్టి రకానికి ఐదడుగుల వెదురు కర్ర, తీగ రకానికి ఇంకా పొడుగుది, అడుగు లోతున. నెల తర్వాత పాతుదాంలే అనుకుంటే అప్పటికి వేళ్లు ఆ చోటంతా పాకి ఉంటాయి, కర్ర దిగేటప్పుడు తెగే చప్పుడు కూడా వినపడుతుంది, నేను విన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక నాటండి. కింది రెండు ఆకులు గిల్లేసి, ఆ గిల్లిన చోటు మట్టిలోకి పోయేదాకా లోతుగా పెట్టాలి. టమాట కాండానికి మట్టి తగిలిన ప్రతిచోటా వేరు వస్తుంది, వంకాయ, మిరపకన్నా ఈ గుణం దీనికి ఎక్కువ. నాటి మొదలు చుట్టూ వేళ్లతో నొక్కి ఒక చెంబు నీళ్లు పోయండి. మరునాడు మధ్యాహ్నం తలలు వాల్చేస్తే కంగారు పడకండి, సాయంత్రానికి లేస్తాయి. వారం తర్వాత వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ రెండు మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి ఆనకుండా. నీళ్లు పోసినప్పుడు మట్టి చిట్లి కింది ఆకుల మీద పడకుండా ఆపుతుంది, తెగులు ఎక్కేది ఎక్కువగా ఆ చిట్లిన మట్టిలోంచే.

బకెట్లో అయితే

మేడ మీద పెంచేవాళ్లకి 20 లీటర్ల పెయింట్ బకెట్‌కి ఒక్క మొక్క. రెండు కాదు, ఒక్కటే. అడుగున, పక్కన కలిపి ఏడెనిమిది బెజ్జాలు. ఎర్రమట్టి, కోకోపీట్, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపి గుప్పెడు వేపపిండి. బకెట్లలో వేళ్లు కొట్టుకోవు కదా అని వాటిని ఆనించి పెట్టేస్తుంటారు. పైన గుబురు గుబురే కదా, గాలి లెక్క మారదు. పొట్టి రకమైతే ఒక బకెట్ నడిమి నుంచి పక్క బకెట్ నడిమికి మూర మీద బెత్తెడు (నాలుగు వేళ్ల వెడల్పు) ఉండేలా సర్దండి. స్లాబు మీద నేరుగా కాకుండా రెండు ఇటుకల మీద పెడితే నీళ్లూ పోతాయి, వేడీ తగ్గుతుంది.

నీళ్లు, కట్టు, పిలకలు

మడిలో చలికాలం రెండు మూడు రోజులకొకసారి, బకెట్లో దాదాపు రోజూ. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు వద్దు. పొద్దున్నే, మొదట్లోనే పోయాలి, పైనుంచి స్నానం చేయించొద్దు. నాలుగు రోజులు మరిచిపోయి ఐదో రోజు రెండు బిందెలు కుమ్మరిస్తే పండే కాయలు పగులుతాయి. కాయ అడుగున నల్లగా, తోలులా కుంగిన మచ్చ వచ్చేది కూడా ఎక్కువగా ఇందుకే. అది పురుగూ కాదు తెగులూ కాదు, కాయకి కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్లు సరిగ్గా ఉంటేనే అది కాయదాకా వెళ్తుంది. గుడ్డు పెంకులు వేయమంటారు, వేసుకోండి, నష్టం లేదు, కానీ అవి కరిగేసరికి ఈ పంట అయిపోతుంది. నీళ్ల వేళలు సరిచేస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

కట్టడానికి పాత లుంగీ పీలికలు మేలు, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది. ఎనిమిది అంకెలా తిప్పి, మధ్యలో వేలు పట్టేంత వదులుగా కట్టండి.

ఆకుకీ కాండానికీ మధ్య సందులోంచి వచ్చే పిలకల్ని తీగ రకంలో వారానికోసారి చిటికెన వేలంత ఉండగానే గిల్లేయాలి, ఒకటి రెండు కొమ్మలు మాత్రం ఉంచుకోవాలి. పొట్టి రకంలో మొదటి పూగుత్తి కింద ఉన్నవి తీస్తే చాలు, పైవన్నీ తీసేస్తే కాయలు పోగొట్టుకున్నట్టే. మొక్క రెండడుగులు దాటాక నేల నుంచి జానెడు ఎత్తు దాకా ఆకులు తీసేయండి. ఇవన్నీ ఎండ ఉన్న పొద్దున, ఆకులు ఆరాకే. తడి మొక్కల మీద చేతులు పెడితే తెగులు మన చేతులతోనే మోసుకుపోయినట్టు.

నాటిన నెలకి పూత. అప్పటి నుంచి పదిహేను రోజులకి ఒకసారి మొక్కకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్. యూరియా వేయకండి, ఆకులు కొబ్బరి మట్టల్లా పెరుగుతాయి, పూత కనపడదు. మేడ మీద గాలి తక్కువైన మూలలో ఉంటే పొద్దున పూట పూగుత్తి కాడను వేలితో నాలుగుసార్లు మీటండి, ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే రాలి కాయ కడుతుంది.

తెగుళ్లు, పురుగులు, కోతులు

కొన ఆకులు చిన్నవై, పైకి ముడుచుకుని, పసుపు తిరిగి మొక్క గిడసబారితే అది ఆకుముడత వైరస్. మజ్జిగ, పసుపు నీళ్లు, బూడిద, ఇవన్నీ నేను కొట్టి చూశాను, ఏమీ కాదు. పీకి కవరులో కట్టి పారేయడమే, లేకపోతే తెల్లదోమ పక్క మొక్కకి మోస్తుంది. పసుపు అట్టకి ఆముదం రాసి మొక్కల ఎత్తులో వేలాడదీస్తే దోమ అంటుకుంటుంది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి. దోమ ఉండేది అడుగునే, పైన కొట్టి లాభం లేదు.

కింది ఆకుల మీద వలయం లోపల వలయంగా గోధుమ మచ్చలు వస్తే ఆకుమచ్చ తెగులు. ఆ ఆకులు వెంటనే తీసేయండి. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి రెండు రోజుల్లో వాలిపోతే కాండం అడుగు భాగం కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. తెల్లగా పొగలాంటి ధార దిగితే బాక్టీరియా ఎండు తెగులు, ఆ గుంతలో మళ్లీ టమాట పెట్టకండి.

కాయతొలుచు పురుగు తల కాయలో, తోక బయట పెట్టుకుని తింటుంటుంది, చేత్తో ఏరేయొచ్చు. దానికి బంతి పువ్వంటే ఇష్టం, టమాట కన్నా ముందు దాని మీదకే వెళ్తుంది. బతుకమ్మకి వేసే బంతి ఎలాగూ ఉంటుంది మా ఇంట్లో, కానీ టమాట కోసం ఇంకో విడత, టమాట నారు కన్నా పదిహేను రోజుల ముందు పోసి మడి చివర్లలో నాటుతాను. రెండూ ఒకే వేళకి పూతకి వస్తాయి.

కోతులకి మాత్రం వేపనూనె పనిచేయదు. మా వీధిలో అవి పండు ఎర్రబడేదాకా ఓపిక పట్టి మరీ వస్తాయి. అందుకని కాయ అడుగున గులాబీ రంగు తిరగగానే కోసేసి వంటింట్లో బుట్టలో పెడతాను, నాలుగైదు రోజుల్లో పండుతుంది, రుచిలో పెద్ద తేడా నాకు తెలియలేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, పండదు, రుచీ పోతుంది.

నాటిన 65, 75 రోజుల మధ్య మొదటి కోత, ఆపైన పొట్టి రకం నెలన్నర ఇస్తుంది. కాత తగ్గాక వేళ్లతో సహా పీకేసి, తెగులున్నవి కంపోస్ట్‌లో వేయకుండా పారేయండి. అదే మడిలో వెంటనే వంకాయ, మిరప, ఆలుగడ్డ పెట్టకూడదు, అన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడే. ఈసారి నేను గోరుచిక్కుడు వేద్దామని గింజలు నానబెట్టాను. అత్తమ్మ నిన్న సాయంత్రం బజారు నుంచి వంకాయ నారు కట్ట తెచ్చి మడి గట్టు మీద తడిగుడ్డ కప్పి పెట్టింది, ఇంకా మా ఇద్దరి మధ్య మాట తేలలేదు.